ఆరుకీ రెండుకీ మధ్య

ఇద్దరి లెక్కా కాగితం మీద వేస్తే రెండు నిమిషాల్లో తేలిపోతుంది. మేరీ కోమ్‌కి ప్రపంచ చాంపియన్‌షిప్‌లలో ఆరు స్వర్ణాలు, ఒక రజతం, ఒక కాంస్యం. లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం. ఆసియా క్రీడల్లో ఒక స్వర్ణం, కామన్వెల్త్ క్రీడల్లో ఒక స్వర్ణం. నిఖత్ జరీన్‌కి ప్రపంచ చాంపియన్‌షిప్‌లలో రెండు స్వర్ణాలు, కామన్వెల్త్‌లో ఒక స్వర్ణం, ఆసియా క్రీడల్లో కాంస్యం. ఒలింపిక్స్ గడి ఖాళీ. ఆరు పెద్దదా రెండు పెద్దదా అన్నది ఒకటో తరగతి పిల్లల్ని అడిగే ప్రశ్న.

అయినా మన దగ్గర ఈ వాదన తెగదు. ‘మేరీ రోజుల్లో అసలు పోటీ ఎక్కడుంది?’ అంటారు ఒకరు. ‘ముందు ఒలింపిక్ మెడల్ తెమ్మనండి, అప్పుడు మాట్లాడదాం’ అంటారు ఇంకొకరు. వినగా వినగా నాకు అనిపించిందేమిటంటే ఇద్దరూ చెరో సగం నిజం పట్టుకుని లాగుతున్నారు. నిఖత్ మన నిజామాబాద్ అమ్మాయి కాబట్టి మనసు ఒకవైపు మొగ్గుతుంది. మొగ్గనివ్వండి, తప్పులేదు. లెక్క చూసేటప్పుడు మాత్రం ఆ మొగ్గు కాసేపు పక్కన పెడదాం. బాక్సింగ్ ఎప్పుడూ చూడనివాళ్లకు కూడా తెలియాలంటే రింగు దగ్గర్నుంచి కాదు, తూకం దగ్గర్నుంచి మొదలుపెట్టాలి.

సంక్రాంతికి గోదావరి జిల్లాల్లో పందెం కోళ్లను సైతం ఎత్తూ బరువూ చూసే జత కడతారు. మనుషులు కొట్టుకునే ఆటలో ఆ పట్టింపు ఇంకా ఎక్కువ. 48 కిలోల విభాగం అంటే పోటీ రోజు పొద్దున తూకం యంత్రం మీద నిలబడితే ముల్లు 48 దాటకూడదు. పారిస్ ఒలింపిక్స్‌లో రెజ్లర్ వినేశ్ ఫోగట్ 100 గ్రాముల దగ్గర ఫైనల్ పోగొట్టుకున్నది గుర్తుండే ఉంటుంది. బాక్సింగ్‌లోనూ అంతే కచ్చితం. అందుకే చాలామంది తమ అసలు బరువుకన్నా కింది విభాగం ఎంచుకుంటారు. వారం పది రోజుల ముందు నుంచి తిండి తగ్గిస్తారు, నీళ్లు తగ్గిస్తారు, చెమట కారుస్తారు, తూకం గండం దాటగానే మళ్లీ తిని తాగి కోలుకుంటారు. పెద్ద ఒళ్లున్న మనిషి చిన్న విభాగంలోకి దూరితే రింగులో లాభం.

దీన్ని తిరగేసి చూడండి. అసలే 46 కిలోలుండే మనిషి 51 కిలోల విభాగంలో ఆడాల్సి వస్తే తూకం దగ్గర ఇబ్బందేమీ ఉండదు, కడుపు నిండా తిని ఎక్కొచ్చు. కష్టమంతా గంట కొట్టాక మొదలవుతుంది. ఎదురుగా నిలబడేది పై బరువు నుంచి కిందికి దిగిన మనిషి. ఎముక గట్టిది, చెయ్యి పొడవు. పొడుగు చేతుల ప్రత్యర్థి దూరం నుంచే కొట్టి జరుగుతుంటే పొట్టి మనిషి ఒక దెబ్బ వేయడానికి ముందు ఒక దెబ్బ తినాలి. తిన్నా లోపలికి చొరబడాలి, వేసి బయటికి రావాలి.

ఇప్పుడు మేరీ ఆరు స్వర్ణాల పక్కన బరువులు రాసి చూద్దాం. 2002 అంతాల్యా, 45 కిలోలు. 2005 పొడోల్స్క్, 2006 ఢిల్లీ, 2008 నింగ్బో, మూడూ 46 కిలోలు. 2010 బ్రిడ్జ్‌టౌన్, 48. 2018 ఢిల్లీ, మళ్లీ 48. మహిళల బాక్సింగ్ తొలిసారి ఒలింపిక్స్‌లోకి అడుగుపెట్టింది 2012 లండన్‌లో. అక్కడ ఉన్నవి మూడే విభాగాలు: 51, 60, 75. అంటే మేరీ ప్రపంచ విజేతగా నిలిచిన ఏ బరువుకూ ఒలింపిక్స్‌లో చోటు లేదు. 158 సెంటీమీటర్ల మనిషి, అప్పటికే కవల పిల్లల తల్లి, ఏళ్ల తరబడి అలవాటైన బరువు వదిలి 51లోకి ఎక్కాల్సి వచ్చింది. అక్కడ పోలండ్ బాక్సర్‌ను, ట్యునీషియా బాక్సర్‌ను ఓడించి, సెమీస్‌లో బ్రిటన్‌కు చెందిన నికోలా ఆడమ్స్ చేతిలో 6-11తో ఓడిపోయింది. ఆ ఆడమ్సే ఆ ఏడాది స్వర్ణం గెలిచింది. మేరీ తొలి బౌట్ ఆడిన ఆగస్టు 5న ఇంటి దగ్గర ఆమె కవలల ఐదో పుట్టినరోజు.

నిఖత్ విషయానికొస్తే 2022 ఇస్తాంబుల్ స్వర్ణం 52 కిలోల్లో వచ్చింది. అదీ ఒలింపిక్ విభాగం కాదు. ఆ వెంటనే ఆమె రెండు కిలోలు దిగి 50కి మారింది, ఎందుకంటే పారిస్ ఒలింపిక్స్ జాబితాలో మహిళల అతి చిన్న విభాగం అదే. 2023 ఢిల్లీ ప్రపంచ స్వర్ణం ఆ 50 కిలోల్లోనే గెలిచింది.

ఇద్దరివీ కలిపితే ఎనిమిది ప్రపంచ స్వర్ణాలు. వాటిలో ఒలింపిక్ విభాగంలో వచ్చింది ఒక్కటే, అది మేరీది కాదు.

ఈ ఒక్క వాక్యం చూసి నిఖత్ అభిమానులు తొందరపడకూడదు. దానికి రెండు వైపులా పదునుంది. ఒలింపిక్స్‌లో లేని బరువులో మంచి బాక్సర్లు ఎక్కువకాలం ఉండరు, పతకం దొరికే బరువుకు వలసపోతారు. కాబట్టి 2018లో 35 ఏళ్లు దాటిన మేరీ 48 కిలోల్లో గెలిచినప్పుడు ఆ విభాగంలో జనం కొంత పలచబడ్డారన్న మాట తోసిపుచ్చలేం. కానీ అదే లెక్కన, తనది కాని బరువులో తెచ్చుకున్న లండన్ కాంస్యం విలువ మామూలు కాంస్యంకన్నా ఎక్కువ. 2014 ఇంచియాన్ ఆసియా క్రీడల స్వర్ణం కూడా ఆమె 51లోనే గెలిచింది. ఇక నిఖత్ 2023 స్వర్ణానికీ ఒక చిన్న మచ్చ ఉంది. రష్యా, బెలారస్ బాక్సర్లను సొంత జెండాలతో ఆడనివ్వడాన్ని నిరసిస్తూ అమెరికా, బ్రిటన్ వంటి దేశాలు ఆ పోటీలకు రాలేదు. రాని వాళ్లను ఓడించలేదని ఎవరినీ తప్పుపట్టలేం, గుర్తుపెట్టుకోవడంలో మాత్రం తప్పులేదు.

బరువు తర్వాత చూడాల్సింది కాలం. ఈ ఇద్దరి మధ్య పదమూడేళ్ల పైచిలుకు తేడా ఉంది. మామూలు ఆటల్లో అది ఒక తరం. మహిళల బాక్సింగ్‌లో మాత్రం రెండు వేరు వేరు లోకాలు.

మహిళలకు ప్రపంచ చాంపియన్‌షిప్ అంటూ మొదలైందే 2001లో, అమెరికాలోని స్క్రాంటన్‌లో. మేరీ ఆ మొట్టమొదటి పోటీలకే వెళ్లి 48 కిలోల్లో రజతం తెచ్చింది. అప్పటికి నిజామాబాద్‌లో నిఖత్‌కు ఐదేళ్లు. మహిళల బాక్సింగ్‌ను ఒలింపిక్స్‌లోకి తీసుకుంటున్నట్టు అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ ప్రకటించింది 2009 ఆగస్టులో. అప్పటికే మేరీ నాలుగు ప్రపంచ స్వర్ణాలు గెలిచి ఉంది. ఆటకు ఒలింపిక్ తలుపు తెరుచుకోక ముందే, తెరుచుకుంటుందన్న భరోసా లేకుండానే గెలిచింది ఆ నాలుగూ. నిఖత్ గ్లవ్స్ తొడుక్కున్నదీ 2009లోనే. ఒకరు తలుపు ముందు తొమ్మిదేళ్లు కాపు కాస్తే, ఇంకొకరు తలుపు తెరిచిన ఏడాదే గుమ్మంలోకి వచ్చారు. ఇందులో ఎవరి తప్పూ ఎవరి గొప్పా లేదు. పుట్టిన సంవత్సరం అలాంటిది.

అయితే ఇళ్ల పరిస్థితి చూస్తే ఆ పదమూడేళ్లలో పెద్దగా మారిందేమీ కనపడదు. మణిపూర్‌లోని చురాచాంద్‌పూర్ జిల్లా కాంగథెయ్‌లో మేరీ తల్లిదండ్రులది పోడు సేద్యం. 1998 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో మణిపూర్ బాక్సర్ డింకో సింగ్ స్వర్ణం గెలవడంతో అప్పటిదాకా పరుగు, జావెలిన్ అంటూ తిరిగిన ఆ పిల్ల చూపు రింగు మీద పడింది. ఇంఫాల్ చేరి ఇంట్లో చెప్పకుండా నేర్చుకుంది. 2000లో రాష్ట్ర చాంపియన్ అయ్యి పేపర్లో ఫొటో పడ్డాక గానీ తండ్రికి సంగతి తెలియలేదు. ఆయనకు కోపంకన్నా బెంగ ఎక్కువ. ముఖం మీద దెబ్బలు పడితే పిల్లకు పెళ్లెలా అవుతుందని.

నిజామాబాద్‌లో కథ వేరేలా మొదలైంది. నిఖత్ తండ్రి జమీల్ అహ్మద్ ఆటలు తెలిసిన మనిషి, కూతురిని తనే కలెక్టరేట్ మైదానానికి తీసుకెళ్లి పరుగు నేర్పించారు. అక్కడ అన్ని ఆటల్లోనూ అమ్మాయిలు కనపడి, బాక్సింగ్‌లో మాత్రం ఒక్కరూ కనపడకపోవడంతో ఆ పిల్లే అడిగింది, ఇది ఆడవాళ్ల ఆట కాదా అని. ఆ ప్రశ్నే ఆమెను కోచ్ సంసముద్దీన్ దగ్గరికి చేర్చింది. పొట్టి నిక్కర్లు వేసుకుని ఆడపిల్ల కుస్తీలు పడటమేమిటని అన్నవాళ్లకు తండ్రి జవాబు చెప్పుకున్నారు. తల్లి పర్వీన్ సుల్తానా మాత్రం, కూతురు మొదటిసారి కన్ను వాచిపోయి ఇంటికొచ్చిన రోజున ఏడ్చేశారు. ఎందుకంటే అదే బెంగ, పెళ్లెలా అని. పేరొస్తే పెళ్లికొడుకులే వరస కడతారని నిఖత్ తల్లిని సముదాయించిందట. మణిపూర్ కొండల్లో కోమ్ తెగ ఇల్లు, తెలంగాణలో ముస్లిం ఇల్లు. భాష వేరు, మతం వేరు, దశాబ్దం వేరు. ఆడపిల్ల ముఖం గురించిన దిగులు మాత్రం అచ్చం ఒకటే.

తేడా ఎక్కడంటే ఇంటి బయట. నిఖత్ 2009లోనే విశాఖపట్నంలోని స్పోర్ట్స్ అథారిటీ కేంద్రానికి వెళ్లి కోచ్ వెంకటేశ్వరరావు దగ్గర నేర్చుకోగలిగింది. 2011లో టర్కీలో జరిగిన ప్రపంచ జూనియర్ పోటీల్లో స్వర్ణం గెలిచింది. పద్నాలుగేళ్ల పిల్లకు ప్రపంచ పోటీ అంటూ ఒకటి ఉండటమే మేరీ తరం చూడని వైభవం. ఇంకో మాట. మన వాళ్ల జ్ఞాపకశక్తి మీద నాకో ఫిర్యాదు ఉంది. నిఖత్ కంటే ముందే, మేరీ కాలంలోనే, మన విశాఖ అమ్మాయి నగిశెట్టి ఉష 2008 నింగ్బో ప్రపంచ చాంపియన్‌షిప్‌లో రజతం గెలిచింది. అదే పోటీల్లో మేరీది స్వర్ణం. ఉషకు 2020లో ధ్యాన్‌చంద్ పురస్కారం కూడా వచ్చింది. వీధిలో ఎవరినైనా ఆపి ఆమె పేరు అడిగి చూడండి. ఒలింపిక్ తలుపు తెరుచుకోక ముందు ఆడిన వాళ్లలో జనానికి గుర్తున్నది మేరీ ఒక్కతే. మిగతావాళ్లు పతకాలతో సహా మరుగున పడ్డారు. మేరీ ఘనతను కొలిచేటప్పుడు ఈ సంగతి కూడా తూకంలో వేయాలి. చూసే జనం లేని ఆటలో ఆమె జనాన్ని సంపాదించుకుంది.

మూడోది పాయింట్ల లెక్క. ఇది కాస్త ఓపిగ్గా చదవాలి, ఎందుకంటే బాక్సింగ్ మీద జనానికుండే అనుమానాల్లో సగం ఇక్కడే పుడతాయి.

మేరీ మొదటి ఐదు స్వర్ణాలూ, లండన్ కాంస్యమూ పాత పద్ధతిలో వచ్చాయి. జడ్జీల ముందు మీటలుండేవి. శుభ్రంగా తగిలిన పంచ్ కనపడితే నొక్కాలి, అలా పాయింట్లు కూడేవి. అందుకే ఆ రోజుల స్కోర్లు 11-6, 19-14 అన్నట్టు ఉంటాయి. ఆ పద్ధతిలో తాకి తప్పుకునే బాక్సర్‌కి లాభం. చురుకైన కాళ్లు, ప్రత్యర్థిని ముందుకు రప్పించి ఎదురు దెబ్బ తీసే తెలివి ఉన్న మేరీకి అది అతికినట్టు సరిపోయింది. 2013 నుంచి దాన్ని మార్చేశారు. ఇప్పుడు ఐదుగురు జడ్జీలు ఎవరికి వారు రౌండు మొత్తం చూసి, గెలిచినవారికి 10, ఓడినవారికి సాధారణంగా 9 వేస్తారు. ఎన్ని తగిలాయన్నదే కాకుండా బౌట్ ఎవరి చేతిలో ఉందన్నదీ చూస్తారు. 2017లో ఆట నిడివి కూడా మారింది. రెండేసి నిమిషాల నాలుగు రౌండ్లు పోయి, మగవాళ్లలాగే మూడేసి నిమిషాల మూడు రౌండ్లు వచ్చాయి. ముప్పై నాలుగేళ్ల వయసులో ఆట నియమాలే మారిపోతే మళ్లీ నేర్చుకుని, మరుసటి ఏడాది కామన్వెల్త్ స్వర్ణం, ప్రపంచ స్వర్ణం రెండూ గెలిచింది మేరీ. ఆమె ఆరు స్వర్ణాల్లో నేను ఎక్కువ గౌరవించేది ఆ చివరిదాన్నే. దాని తర్వాతి స్థానం 2008 నింగ్బోది. కవలలు పుట్టిన మరుసటి ఏడాది వచ్చిన స్వర్ణం అది.

కొత్త పద్ధతి ఆమెను ఎలా కాటేసిందో టోక్యో ఒలింపిక్స్‌లో చూశాం. 2021లో కొలంబియా బాక్సర్ ఇంగ్రిత్ వాలెన్సియాతో బౌట్. మొదటి రౌండులో ఐదుగురు జడ్జీల్లో నలుగురు వాలెన్సియా వైపు, ఒక్కరే మేరీ వైపు. రెండో రౌండులో ముగ్గురు మేరీకి, ఇద్దరు వాలెన్సియాకు. మూడోదీ అంతే. మూడు రౌండ్లలో రెండు మేరీవే కదా, మరి ఓడిందేమిటి అని దేశమంతా అడిగింది. కిటుకు ఇదీ: రౌండ్లు ఎవరు గెలిచారని లెక్కపెట్టరు. ఒక్కో జడ్జి మూడు రౌండ్లూ తన కాగితం మీదే కూడుకుని విజేతను తేలుస్తాడు, అలా తేల్చిన ఐదు కాగితాల్లో ఎక్కువ ఎవరివో చూస్తారు. మొత్తం పదిహేను తీర్పుల్లో మేరీవి ఏడు, వాలెన్సియావి ఎనిమిది. కాగితాలు 3-2గా కొలంబియా వైపు తేలాయి. అన్యాయం కాదు. మొదటి రౌండును చేజార్చుకున్న ఫలితం. ఆ రోజుకు మేరీకి 38 ఏళ్లు.

ఆ టోక్యోకి ఎవరు వెళ్లాలన్న దగ్గరే ఈ రెండు జీవితాలూ ఢీకొన్నాయి. కాబట్టి వెనక్కి, 2019కి వెళ్దాం.

ఆ ఏడాది ఆగస్టులో రష్యాలోని ఉలాన్-ఉడే ప్రపంచ పోటీలకు జట్టును ఎంపిక చేసే ముందు 51 కిలోల ట్రయల్‌ను జాతీయ సమాఖ్య ఆపేసి మేరీని నేరుగా పంపింది. మేరీ అక్కడ కాంస్యం తెచ్చింది. అది ఆమె ఎనిమిదో ప్రపంచ పతకం. సెమీస్‌లో ఆమెను ఓడించింది టర్కీ బాక్సర్ బూసె నాజ్ చాకిరోగ్లు. ఈ పేరు గుర్తుంచుకోండి, మళ్లీ మళ్లీ వస్తుంది. ఒలింపిక్ అర్హత పోటీలకు కూడా మేరీనే ట్రయల్ లేకుండా పంపుతారన్న సూచనలు రావడంతో నిఖత్ అప్పటి క్రీడల మంత్రి కిరెన్ రిజిజుకు బహిరంగంగా లేఖ రాసింది. ఇరవై మూడు ఒలింపిక్ స్వర్ణాల మైకేల్ ఫెల్ప్స్ కూడా ప్రతిసారీ అర్హత పోటీలో ఈదే వెళ్లాడు కదా, మనకెందుకు ఉండకూడదన్నది ఆమె వాదన సారాంశం. అప్పటికి ఆమెకు ఇరవై మూడేళ్లు. అంతకు రెండేళ్ల ముందు భుజం జారి ఆటకు దూరమై, కోలుకుని వచ్చిన అమ్మాయి. చిన్నప్పటి నుంచి మేరీని చూసి పెరిగానని చెప్పుకునే అమ్మాయి. మేరీ వైపు నుంచి వచ్చిన స్పందన ‘ఎవరీ నిఖత్ జరీన్?’ అన్న ప్రశ్న.

డిసెంబర్ 28న ఢిల్లీలో ట్రయల్ జరిగింది. మేరీ 9-1తో గెలిచింది. అందులో వివాదమేమీ లేదు, ఆ రోజున మేరీయే మేలైన బాక్సర్. గెలిచాక నిఖత్‌తో చెయ్యి కలపకుండా వెళ్లిపోయింది. గౌరవం కావాలంటే ముందు గౌరవం ఇవ్వాలన్నట్టు తర్వాత మాట్లాడింది. ఈ ఘట్టాన్ని చాలామంది వినేవాళ్ల రక్తం మరిగేలా చెబుతారు. ఇద్దరినీ కొంచెం దూరం నుంచి చూస్తే నాకు వేరేలా కనపడుతుంది. పద్దెనిమిదేళ్లు ఒంటరిగా బండి లాగిన మనిషికి, నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల ‘నిరూపించుకో’ అంటే అవమానంలా తోచడం సహజం. సహజమే గానీ సరైనది కాదు. రింగులో గెలిచే సత్తా ఉన్న మనిషి రింగు బయట మినహాయింపు కోరుకోకూడదు. ఆ బౌట్‌లో నిఖత్ ఓడిపోయింది, ఆమె అడిగిన సూత్రం మాత్రం గెలిచింది.

ఆ సూత్రానికి తర్వాత పట్టిన గతి కూడా చెప్పకపోతే విశ్లేషణ ఒంటికాలి మీద నిలబడుతుంది. 2023 నాటికి సమాఖ్య ఒక్క బౌట్ ట్రయల్ పద్ధతిని పక్కనపెట్టి, శిబిరంలో కొన్ని వారాలపాటు మార్కులేసే పద్ధతి తెచ్చింది. దాని మీద అసంతృప్తితో కొందరు బాక్సర్లు ఢిల్లీ హైకోర్టు దాకా వెళ్లారు. ఆ కొత్త పద్ధతిలో ప్రపంచ పోటీలకు ఎంపికైన వాళ్లలో నిఖత్ కూడా ఉంది. ఆ కోర్టుకెక్కినవాళ్లు ఆమె బరువు వాళ్లు కారు, ఆమె ఎవరి చోటూ లాక్కోలేదు. అయినా ‘ట్రయల్ పెట్టండి’ అన్న 2019 నాటి గొంతు ఆ రోజు కూడా వినపడి ఉంటే బాగుండేదని నాకనిపిస్తుంది.

టోక్యో తర్వాత నిఖత్ నిజంగా విప్పారింది. 2022 ఫిబ్రవరిలో బల్గేరియాలో జరిగే స్ట్రాంజా టోర్నీ సెమీస్‌లో చాకిరోగ్లును ఓడించింది. 2019లో మేరీని ఓడించిన, టోక్యోలో రజతం గెలిచిన చాకిరోగ్లు. ఆ టోర్నీ స్వర్ణమూ ఆమెదే. మే 19న ఇస్తాంబుల్‌లో థాయ్‌లాండ్ బాక్సర్ జుతమాస్ జిత్‌పాంగ్ మీద 5-0తో ప్రపంచ విజేత. ఆగస్టులో బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ స్వర్ణం. మరుసటి మార్చిలో ఢిల్లీలో వియత్నాంకు చెందిన న్యూయెన్ థి తామ్ మీద మళ్లీ 5-0. భారత మహిళల్లో ఒకటికి మించి ప్రపంచ స్వర్ణాలు గెలిచినవారు అప్పటిదాకా మేరీ ఒక్కతే, రెండోది నిఖత్. ఆ ఏడాది పైచిలుకు కాలంలో నిఖత్ ఆట చూసినవాళ్లకు తెలుసు, దూరం నుంచి సూటిగా దిగే పంచ్‌లతో ప్రత్యర్థిని దగ్గరికి రానివ్వకుండా బౌట్ మొత్తాన్ని తన చేతిలో పెట్టుకోవడం ఎలా ఉంటుందో. అదే 2022 జూన్‌లో కామన్వెల్త్ ట్రయల్స్‌లో 48 కిలోల బౌట్ మధ్యలో మేరీ మోకాలు తిరిగింది. అంతర్జాతీయ రింగులోకి ఆమె మళ్లీ రాలేదు.

పారిస్‌లో అదృష్టం నిఖత్ వైపు లేదు. సీడింగ్ లేకుండా బరిలోకి దిగింది కాబట్టి మొదట్లోనే పెద్ద తల తగలొచ్చు, తగిలింది. జర్మనీ బాక్సర్‌ను దాటాక రెండో బౌట్‌లోనే చైనాకు చెందిన వూ యు. 2023 ఢిల్లీలో నిఖత్ 50లో గెలిస్తే 52లో గెలిచింది ఈ వూ యు. ఒలింపిక్స్ కోసం ఆమె కూడా 50కి దిగింది. చూశారుగా, తూకం మళ్లీ ఎక్కడికి తెచ్చిందో. నిఖత్ 0-5తో ఓడింది. వూ యు స్వర్ణం దాకా వెళ్లింది, ఫైనల్లో ఆమె చేతిలో ఓడింది మన పాత పరిచయం చాకిరోగ్లు. 2025 సెప్టెంబర్‌లో లివర్‌పూల్ ప్రపంచ పోటీల్లో, ఈసారి 51 కిలోల్లో, నిఖత్‌ను క్వార్టర్స్‌లో ఆపిందీ చాకిరోగ్లే.

వారసత్వం అంటే పతకాల తర్వాత మిగిలేది కూడా. మేరీ ఇంఫాల్‌లో అకాడమీ పెట్టింది, రాజ్యసభలో కూర్చుంది, పద్మవిభూషణ్ అందుకుంది, ఆమె జీవితం హిందీ సినిమా అయింది. ఆమె తర్వాత భారత మహిళలకు బాక్సింగ్‌లో ఒలింపిక్ పతకం తెచ్చింది టోక్యోలో అస్సాం అమ్మాయి లవ్లీనా బోర్గోహెయిన్ ఒక్కతే. ఈశాన్యం నుంచి మొదలైన ఆ దారి హరియాణా దాకా, నిజామాబాద్ దాకా పాకింది. నిఖత్‌కు తెలంగాణ ప్రభుత్వం 2024లో డీఎస్పీ ఉద్యోగం ఇచ్చింది. ఆమెకు తొలి పాఠాలు చెప్పిన సంసముద్దీన్ కొడుకు హుసాముద్దీన్ రెండు కామన్వెల్త్ కాంస్యాలు, ఒక ప్రపంచ కాంస్యం గెలిచాడు. ఒక జిల్లా కేంద్రం నుంచి ఇద్దరు ప్రపంచ పతక విజేతలు. దీన్ని మన రాష్ట్రాలు ఇంకా సరిగ్గా గమనించినట్టు లేదు.

తీర్పు చెప్పమంటే చెబుతాను. మేరీదే పెద్ద కెరీర్. అందుకు నా కారణం ఆరు అన్న అంకె కాదు, ఆ అంకె చుట్టూ ఉన్న పద్దెనిమిదేళ్లు. 2001 నుంచి 2019 దాకా ప్రపంచ వేదిక మీద పతకం గెలుస్తూనే ఉండటం, ఈలోగా బరువులు మారాయి, పాయింట్ల పద్ధతి మారింది, రౌండ్లు మారాయి, ముగ్గురు పిల్లలు పుట్టారు. నిఖత్‌ను ఆమె కాలపు కొలతతోనే కొలవాలి అనేవాళ్లతో నేను ఏకీభవిస్తాను, కానీ ఆ కొలత ఆమెకు అనుకూలం కాదు. మేరీ మొదలుపెట్టిన రోజున ఈ ఆటకు ప్రపంచ చాంపియన్‌షిప్పే శిఖరం, ఆమె దాన్ని ఆరుసార్లు ఎక్కింది. నిఖత్ మొదలుపెట్టిన రోజు నుంచి శిఖరం ఒలింపిక్సే, అక్కడ ఆమె గడి ఇంకా ఖాళీ. ఒక్కో బౌట్‌లో ఎదురైన పోటీ చూస్తే మాత్రం నిఖత్ రెండు స్వర్ణాలూ మేరీ తొలినాటి స్వర్ణాలకన్నా బరువైనవే.

ఆ గడి నింపడానికి ఆమెకు ఇంకో అవకాశం ఉంది. 2028 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్ నాటికి నిఖత్‌కు 32 ఏళ్లు. మేరీ ఆరో ప్రపంచ స్వర్ణం గెలిచేటప్పటికి ఆమెకు 35 దాటాయి.